డైపర్ పేటెంట్లలో ‘ఓస్ ఇంతేనా’ గొడవ

పిల్లలకి వేసే ప్యాంట్ డైపర్ ఒకటి తీసుకుని కత్తెరతో నిలువునా కోసి చూస్తే లోపల పెద్ద రహస్యమేమీ కనపడదు. ఒంటికి తగిలే వైపు మెత్తటి నాన్‌వోవెన్ (నేయకుండా పోగులు అతికి చేసే) గుడ్డ, బయటివైపు తడి దిగనివ్వని పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్, మధ్యలో చెక్క గుజ్జుతో చేసిన దూదిలాంటి పల్ప్, అందులో కలిపిన జెల్ పొడి (తడి పీల్చి ఉబ్బేది), తొడల చుట్టూ నడుం చుట్టూ సాగే ఎలాస్టిక్ దారాలు, వీటన్నిటినీ పట్టి ఉంచే హాట్ మెల్ట్ జిగురు, పక్కన రెండు అతుకులు, అంతే. వీటిలో ఏదీ నిన్నమొన్న పుట్టింది కాదు. జెల్ పొడిని డైపర్లో వాడే అమెరికా పేటెంట్లు 1972 నాటివి, తొడల దగ్గర ఎలాస్టిక్ పెట్టి కుచ్చులు పడేలా చేసే కెన్నెత్ బ్యుయెల్ పేటెంట్ 1975 నాటిది. అయినా ఈ పరిశ్రమలో పేటెంట్లు వేలల్లో వస్తూనే ఉన్నాయి, వాటి మీద కోర్టు గొడవలు కూడా వస్తూనే ఉన్నాయి. ఏ గొడవ తీసుకున్నా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది, ముక్కలన్నీ పాతవే అయినప్పుడు వాటిని కలిపిన పద్ధతి కొత్తదని ఎలా ఒప్పుకోవాలి?

దీన్నే అమెరికాలో ఆబ్వియస్‌నెస్ అంటారు, మన చట్టంలో ఇన్వెంటివ్ స్టెప్ లేదు అంటారు, మామూలు తెలుగులో అయితే ‘ఓస్ ఇంతేనా, ఇదెవరైనా చేస్తారుగా’ అనడం. కొత్తదా కాదా అన్నది వేరే ప్రశ్న, అది కాస్త సులువు కూడా, ఎందుకంటే ఒకే పాత పత్రంలో క్లెయిమ్ (ఇంతవరకు మాదే హక్కు అని పేటెంట్లో రాసుకున్న వాక్యం) మొత్తం కనిపిస్తే కొత్తది కాదు, కనిపించకపోతే కొత్తదే. ఓస్ ఇంతేనా ప్రశ్న అలా తెగదు. ఒక జపాన్ పత్రంలో సగం ఉంటుంది, ఒక అమెరికా పేటెంట్లో ఇంకో సగం ఉంటుంది, ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే మామూలు ఇంజనీరుకి కలపాలని తోస్తుందా లేదా అన్నది తేల్చాలి. తోచడం అనేది మనసులో జరిగే పని, పైగా ఆ మనిషి నిజంగా లేడు, చట్టం ఊహించుకున్న మనిషి. ఊహించుకున్న మనిషికి ఏం తోచి ఉండేదో లాయర్లు కోట్లు ఖర్చుపెట్టి వాదించుకుంటారు.

కథ 1851లో తలుపు పిడి దగ్గర మొదలైంది. హాచ్‌కిస్ వర్సెస్ గ్రీన్‌వుడ్ అనే కేసులో చెక్కతోనో లోహంతోనో చేసే పిడిని మట్టితో, పింగాణీతో చేశాం, పేటెంట్ నిలబెట్టండి అన్నారు. మంచి పనివాడెవడైనా చేసేదే ఇది, ఇందులో ఇన్వెన్షన్ ఏముందని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఆలోచనకి 1952 పేటెంట్ చట్టంలో సెక్షన్ 103గా రూపం వచ్చింది. 1966లో గ్రాహం వర్సెస్ జాన్ డీర్ కేసు, అది దుక్కి దున్నే పరికరం గురించి, అందులో కోర్టు ఒక వరస చెప్పింది: ముందు పాత పరిజ్ఞానం ఏంటో చూడు, తర్వాత దానికీ క్లెయిమ్‌కీ తేడా ఏంటో చూడు, ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఏ స్థాయిలో ఉందో చూడు, చివరగా మార్కెట్లో సక్సెస్, ఎన్నాళ్ళుగానో తీరని అవసరం, వేరేవాళ్ళు ప్రయత్నించి ఓడిపోవడం లాంటి బయటి సాక్ష్యాలు చూడు. ఈ వరస ఇప్పటికీ నడుస్తోంది. మధ్యలో కింది కోర్టులు దీన్ని కాస్త బిగించి, రెండు పత్రాలు కలపమని ఎక్కడో ఒకచోట సూచన చూపించాల్సిందే అనే దాకా తీసుకెళ్ళాయి. 2007లో కేఎస్ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్ కేసు, అది కారు పెడల్ గొడవ, అందులో సుప్రీంకోర్టు అంత బిగింపు వద్దంది. మామూలు ఇంజనీరు మరబొమ్మ కాదు, వాడికీ కాస్త బుర్ర ఉంటుంది, నాలుగు పేటెంట్లని బొమ్మల ముక్కల్లా పేర్చుకోగలడు, కాగితం మీద రాసి ఉంటేనే కలుపుతాడని అనుకోకూడదు అన్నది దాని సారం. డైపర్ లాంటి ముక్కలు అతికే పరిశ్రమకి ఇది గట్టి దెబ్బే.

అసలు చిక్కు ఏంటంటే, జవాబు తెలిసిపోయాక ప్రశ్న సులువుగా కనిపిస్తుంది. పొడుపుకథ విప్పి చెప్పాక ‘ఇంతేనా, నేనూ చెప్పేవాణ్ణి’ అనని పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా? పేటెంట్ కేసుల్లో జడ్జి ముందు పేటెంట్ తెరిచే ఉంటుంది, దాన్ని చదివేసి పాత పత్రాలు చూస్తాడు, అప్పుడు అన్నీ ఆ దారినే చూపిస్తున్నట్టు ఉంటాయి. ఇన్ రీ విన్‌స్లో అని 1966 నాటి కేసులో జడ్జి రిచ్ ఒక బొమ్మ గీశాడు, ఇన్వెంటర్ తన వర్క్‌షాపులో కూర్చున్నాడు, చుట్టూ గోడలకి పాత పేటెంట్లన్నీ వేలాడుతున్నాయి, అతనికి అవన్నీ తెలుసు అనుకోండి అని. ఈ బొమ్మని జనం ఇన్వెంటర్‌కే అంటగట్టేశారు. 1984లో శానిటరీ నాప్కిన్ల మీద కింబర్లీ క్లార్క్, జాన్సన్ అండ్ జాన్సన్ కొట్టుకున్న కేసు మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది, అప్పుడు ఆయనే సరిచేశాడు, పాత పత్రాలన్నీ తెలిసినవాడు ఇన్వెంటర్ కాదు, చట్టం ఊహించుకున్న ఆ మామూలు నిపుణుడు, ఇద్దర్నీ కలపడం ఆపండి అని. ఆ కేసులో లోదుస్తులకి జిగురుతో అతుక్కునే నాప్కిన్ పేటెంట్ని కింది కోర్టు ఓస్ ఇంతేనా అని కొట్టేస్తే పై కోర్టు తిరగరాసింది. కానీ ఉల్లంఘన మాత్రం జరగలేదంది, అంటే పేటెంట్ నిలబడింది, ఓనర్‌కి చేతికి ఏమీ రాలేదు. ఇలాంటి ఫలితాలు ఈ రంగంలో కొత్తేం కాదు.

ఇక తయారీ వైపు వద్దాం, ఎందుకంటే వస్తువు మీద పేటెంట్ కన్నా తయారుచేసే పద్ధతి మీద పేటెంట్లోనే ఈ ప్రశ్న బాగా ముదురుతుంది. డైపర్ లైన్ అంటే ఒక పొడవాటి మెషిన్, ఒక చివర రోల్స్ ఎక్కిస్తారు, ఇంకో చివర మడత పెట్టిన డైపర్లు ప్యాకెట్లలోకి పోతాయి. పల్ప్ షీటుని హామర్ మిల్లులో దూదిగా కొట్టి, జెల్ పొడితో కలిపి, కింద నుంచి గాలి పీల్చే డ్రమ్ము మీద అచ్చుల్లోకి లాగుతారు, అదే లోపలి పీల్చే పట్టీ. ఇంకోవైపు నుంచి నాన్‌వోవెన్, ఫిల్మ్ రోల్స్ నుంచి ఆగకుండా వస్తుంటాయి, వాటి మధ్యకి సాగదీసిన ఎలాస్టిక్ దారాలు జిగురుతో వచ్చి చేరతాయి. ఏదీ ఆగదు. నిమిషానికి 800 పీసులు, పీసు అర మీటరు పొడవు అనుకుంటే గుడ్డ నిమిషానికి 400 మీటర్లు పరిగెడుతోందన్నమాట, అంటే సెకనుకి ఆరున్నర మీటర్ల పైనే. ఆ పరుగులో ఎలాస్టిక్ దారాన్ని అసలు పొడవుకి రెండు మూడు రెట్లు సాగదీసి, మిల్లీమీటర్ల తేడాలో సరైన చోట పెట్టి, జిగురు ఆరేలోపు అతికించి, వదిలేశాక గుడ్డ అంతా ముడుచుకుపోకుండా పట్టుకోవాలి. నిక్కరు నడుముకి ఎలాస్టిక్ సాగదీసి కుట్టి వదిలితే కుచ్చులు పడతాయని ఊళ్ళో ఏ టైలర్‌కైనా తెలుసు, ఆ మాటకొస్తే ఇన్వెన్షన్ అక్కడే అయిపోయింది. టైలర్‌కి తెలియంది ఆ వేగంలో ఏమవుతుందన్నదే.

ప్యాంట్ డైపర్ చేయడానికి పెద్దగా రెండు దారులున్నాయి. ఒకదాంట్లో డైపర్లు ఒకదాని వెనక ఒకటి నిలువుగా వస్తాయి, ముందు నడుం, మధ్య, వెనక నడుం, మళ్ళీ ముందు నడుం అలా. అప్పుడు తొడల ఎలాస్టిక్ లైన్ పొడవునా సులువుగా పడుతుంది, నడుం ఎలాస్టిక్ అడ్డంగా పెట్టాలి కాబట్టి చస్తారు. రెండోదాంట్లో డైపర్లు అడ్డంగా పక్కపక్కన వస్తాయి, నడుం పట్టీలు రెండూ లైన్ పొడవునా ఆగకుండా పరిగెడతాయి, నడుం ఎలాస్టిక్ హాయిగా పడుతుంది, మధ్యలో ఉండే పీల్చే పట్టీని మాత్రం కోసి, 90 డిగ్రీలు తిప్పి, ముందు పట్టీకీ వెనక పట్టీకీ మధ్య వంతెనలా పెట్టాలి. తర్వాత మధ్యకి మడిచి, పక్క అతుకులు అల్ట్రాసోనిక్‌తోనో వేడితోనో వేసి, అతుకు మధ్యలో కోస్తే ప్యాంటు. ఈ రెండో దారిలో పీసు పొడవు లెక్కకి రాదు, వెడల్పే లెక్కకి వస్తుంది కాబట్టి అదే ఉత్పత్తికి గుడ్డ కాస్త నెమ్మదిగా పోవచ్చు. ఈ ఒక్క లాభం కోసమే బోలెడు కంపెనీలు ఆ దారి పట్టాయి, దారి పట్టిన ప్రతి కంపెనీ దాని మీద పేటెంట్లు పేర్చింది.

ఉదాహరణకి ఒక క్లెయిమ్ ఊహించుకుందాం, ఇది నిజం పేటెంట్ కాదు, కానీ నిజం వాటికి దగ్గరగానే ఉంటుంది. ‘రెండు నడుం పట్టీలని లైన్ పొడవునా నడపడం, వాటిలో సాగదీసిన ఎలాస్టిక్ దారాలు అతికించడం, పీల్చే పట్టీ కూర్చునే చోట మాత్రం ఆ దారాలని తెంపేయడం, తర్వాత పీల్చే పట్టీని తిప్పి అక్కడ పెట్టడం, మడవడం, అతకడం, కోయడం.’ దారాలు ఎందుకు తెంపాలి అంటే, తెంపకపోతే పీల్చే పట్టీ కూడా ముడుచుకుపోయి గడ్డలా తయారవుతుంది, పిల్లాడికి ముందువైపు ముడతలు, లీకు. ఇప్పుడు ఎదుటి కంపెనీ దీన్ని కొట్టేయమని వస్తుంది. చేతిలో పత్రం ఒకటి, అడ్డంగా నడిపే పద్ధతి అంతా చెప్పింది, దారాలు తెంపడం చెప్పలేదు. పత్రం రెండు, నిలువుగా నడిపే మామూలు డైపర్లో పీల్చే పట్టీ మీద ఎలాస్టిక్ పని చేయకుండా తెంపమని చెప్పింది. కలిపితే క్లెయిమ్ మొత్తం వచ్చేసింది. కలపడానికి కారణం కూడా పత్రం రెండులోనే ఉంది, ముడతలు పోతాయి అని. కేఎస్ఆర్ తర్వాత ఈ వాదన చాలా బలమైంది, తెలిసిన సమస్యకి తెలిసిన మందు, ఫలితం ముందే ఊహించగలిగేది.

పేటెంట్ ఓనర్ తరఫున ఏం చెప్తారంటే, పత్రం రెండులో దారాలు తెంపేది పీల్చే పట్టీ వచ్చాక, దాని బరువు గుడ్డని పట్టుకుని ఉంటుంది, మా దాంట్లో పట్టీ రాకముందే తెంపుతున్నాం, అప్పుడు తెగిన దారం చివర్లు వెనక్కి లాక్కుపోతాయి, గుడ్డ టెన్షన్ పడిపోతుంది, లైన్ ఆగిపోతుంది, ఏ ఇంజనీరూ ఆ పని చేయడు అని. ఎక్స్‌పర్ట్‌ని తెచ్చి, ముప్పై ఏళ్ళు డైపర్ లైన్ల మీద పనిచేశాడు అని చెప్పించి, స్లో మోషన్ వీడియో కూడా చూపిస్తారు. వినడానికి బాగుంటుంది, నిజం కూడా కావొచ్చు. పాత పత్రం ఆ దారిలో వెళ్ళొద్దని చెప్తుంటే దాన్ని కలపడం ఆబ్వియస్ కాదు అనడానికి 1966లోనే, గ్రాహం తీర్పు వచ్చిన రోజే వచ్చిన ఆడమ్స్ బ్యాటరీ కేసు ఉంది. కలిపితే పాత యంత్రం పనికిరాకుండా పోతుంది అంటే కలపాలని ఎవరికీ తోచదు అనడానికి 1984 నాటి ఇన్ రీ గోర్డన్ ఉంది, అది రక్తం వడకట్టే ఫిల్టర్‌ని తలకిందులు చేసే గొడవ.

కానీ ఇక్కడే చాలామంది ఓనర్లు బోర్లా పడతారు. క్లెయిమ్ మళ్ళీ చదవండి. అందులో వేగం ఉందా? లేదు. టెన్షన్ ఉందా? లేదు. చివర్లు వెనక్కి లాక్కుపోకుండా ఎలా పట్టుకున్నారో ఉందా? అదీ లేదు. పేటెంట్ రాసేటప్పుడు పరిధి పెద్దదిగా ఉండాలని, ఎదుటివాడు కాస్త నెమ్మదిగా నడిపినా దొరకాలని, ఆ వివరాలన్నీ కావాలనే వదిలేశారు. ఇప్పుడు కొట్టేయమని కేసు వస్తే, వదిలేసిన ఆ కష్టాన్నే చూపించి మాది గొప్ప ఇన్వెన్షన్ అంటున్నారు. క్లెయిమ్‌లో లేని లక్షణాన్ని చూపించి పాత పత్రం నుంచి తప్పించుకోలేరు అనేది పేటెంట్ ఆఫీసులో ఎప్పటి నుంచో ఉన్న మాటే. నిమిషానికి పది పీసులు చేసే బల్ల మీద చేత్తో తిప్పే యంత్రం కూడా ఈ క్లెయిమ్ కిందికి వస్తుంది, అలాంటప్పుడు దాన్ని ఆ పది పీసుల దగ్గరే పరీక్షించాలి, అక్కడ దారాలు తెంపడం కష్టమేం కాదు. డైపర్ తయారీ పేటెంట్లు ఓడిపోయేది సైన్సు తక్కువై అనుకుంటారు గానీ చాలాసార్లు ఓడించేది అత్యాశే, పొలం గట్టు జరిపి జరిపి పక్కవాడి బావి దాకా తెచ్చుకుంటే ఆ బావి పాత పట్టా మొత్తానికీ అడ్డం వస్తుంది.

దీనికి అవతలి వైపు కూడా న్యాయం ఉంది. స్టెప్పుల వరస మార్చడం మామూలుగా ఆబ్వియస్సే అని 1946 నాటి ఇన్ రీ బర్‌హాన్స్ నుంచి పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్లు ఎత్తి చూపిస్తుంటారు, చేత్తో చేసే పనిని మెషిన్‌తో చేయించడం ఇన్వెన్షన్ కాదని 1958 నాటి ఇన్ రీ వెన్నర్ చూపిస్తారు, భాగాన్ని అటు నుంచి ఇటు జరపడం కాదని 1950 నాటి ఇన్ రీ జపీక్సీ చూపిస్తారు. ఈ మూడిటినీ మంత్రాల్లా వాడేస్తే డైపర్ లైన్ మీద ఏ పేటెంటూ బతకదు, ఎందుకంటే అక్కడ జరిగేదంతా వరస మార్చడం, జరపడం, ఆటోమేట్ చేయడమే. అందుకే 1995లో ఇన్ రీ ఓచియాయ్ కేసులో పేటెంట్ అప్పీళ్ళు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, పద్ధతుల విషయంలో ఇలాంటి అడ్డగోలు రూల్స్ ఏమీ లేవు, ప్రతి కేసూ దాని వాస్తవాల మీదే చూడాలి అని గట్టిగా చెప్పింది. జిగురు ముందు వేసి సాగదీయడానికీ, సాగదీసి జిగురు వేయడానికీ కాగితం మీద తేడా ఒక లైనే, లైన్ మీద మాత్రం ఒకటి డైపర్, ఇంకోటి చెత్త. వరస మార్చితే ఊహించని ఫలితం వచ్చిందని లెక్కలతో చూపించగలిగితే బర్‌హాన్స్ పనిచేయదు. లెక్కలు పేటెంట్లో ఉండాలి, కేసు వచ్చాక ల్యాబులో వండితే జడ్జిలకి అంతగా నమ్మకం కుదరదు.

నిజం గొడవల్లో అందరికన్నా చిత్రమైంది లోపలి కాలి అంచుల కథ. డైపర్లో తొడ దగ్గర బయటి కుచ్చులతో పాటు లోపల నిటారుగా లేచి నిలబడే ఇంకో రెండు చిన్న గోడలు ఉంటాయి చూడండి, లీకు ఆపేవి. 1980ల మధ్యలో వాటి మీద కింబర్లీ క్లార్క్ వైపు నుంచి ఎన్లో పేటెంట్, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వైపు నుంచి లాసన్ పేటెంట్ వచ్చాయి, ఎవరు ముందు అన్నది తగువు. ప్రాక్టర్ వాళ్ళు తమ కంపెనీలోనే బ్యుయెల్, బ్లెవిన్స్ అనే ఇద్దరు ఇంకా ముందే ఇలాంటిది చేశారని, వాళ్ళని కూడా లాసన్‌తో పాటు ఉమ్మడి ఇన్వెంటర్లుగా చేర్చి వెనకటి తేదీ ఇవ్వమని అడిగారు. 1992లో ఫెడరల్ సర్క్యూట్ కుదరదంది, ఒకరు చేస్తున్నది ఇంకొకరికి తెలియకుండా విడివిడిగా పనిచేసినవాళ్ళు ఉమ్మడి ఇన్వెంటర్లు ఎలా అవుతారని. తీర్పు ఇన్వెంటర్ల గురించే అయినా ఓస్ ఇంతేనా గొడవకి ఇందులో పెద్ద మేత ఉంది. ఒకే కంపెనీలో ఒకరికి తెలీకుండా ఒకరు, అవతలి కంపెనీలో ఇంకొకరు, అందరూ అదే గోడ దగ్గరికి వచ్చారంటే అది మామూలు నిపుణుడికి తట్టే ఆలోచనే అని వాదించొచ్చు, దాదాపు ఒకే సమయంలో చాలామంది కనిపెట్టడం ఆబ్వియస్ అనడానికి ఒక సాక్ష్యంగా కోర్టులు చూస్తాయి కూడా. ఇంకోవైపు నుంచి చూస్తే, కెన్నెత్ బ్యుయెల్ లాంటివాళ్ళని మామూలు నిపుణులు అని ఎవరంటారు? 1975 పేటెంట్ తెచ్చుకున్నదీ అతనే. ఆ పరిశ్రమలో పై వరసలో ఉన్నవాళ్ళకి తట్టినదాన్ని సగటు ఇంజనీరుకి అంటగట్టడం సరైన లెక్క కాదు, ఈ రెండో వైపే న్యాయంగా అనిపిస్తుంది.

ఆ పేటెంట్ల దెబ్బ గట్టిగా తగిలింది మాత్రం మూడోవాడికి. పారగాన్ ట్రేడ్ బ్రాండ్స్ అని సూపర్ మార్కెట్ల సొంత పేర్లతో డైపర్లు చేసిపెట్టే కంపెనీ ఉండేది. 1997 డిసెంబర్ చివర్లో డెలావేర్ ఫెడరల్ కోర్టు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పేటెంట్లు చెల్లుతాయని, పారగాన్ వాటిని ఉల్లంఘించిందని తేల్చింది, కట్టాల్సిన మొత్తం తర్వాత సుమారు 17.8 కోట్ల డాలర్లుగా ఖరారైంది. ఆ తీర్పు వచ్చిన వారానికే 1998 జనవరి మొదట్లో కంపెనీ దివాలా రక్షణ కోరింది. ఒక చిన్న లోపలి గోడ, అందులో రెండు ఎలాస్టిక్ దారాలు, ఓస్ ఇంతేనా అని తీసిపారేసే ధైర్యం ఖరీదు అది.

పెద్దవాళ్ళు వేసుకునే ప్యాంట్ డైపర్ మీద ఎస్‌సీఏ, ఫస్ట్ క్వాలిటీ కంపెనీల కేసు ఇంకోరకం పాఠం. 2003లో ఎస్‌సీఏ మా పేటెంట్ ఉల్లంఘిస్తున్నారని ఉత్తరం రాసింది. ఫస్ట్ క్వాలిటీ, మా దగ్గర వతనాబె పేటెంట్ అని అంతకు ముందుదే ఉంది, అందులో అదే డైపర్ నిర్మాణం ఉంది, కాబట్టి మీ పేటెంటే చెల్లదు అని జవాబిచ్చింది. ఎస్‌సీఏ మాట్లాడకుండా 2004 జులైలో తన పేటెంట్‌నే తను పేటెంట్ ఆఫీసుకి తీసుకెళ్ళి, ఈ వతనాబె పత్రం పక్కన పెట్టి మళ్ళీ పరీక్షించండి అంది, అవతలివాళ్ళకి చెప్పలేదు. 2007 మార్చిలో పేటెంట్ చెల్లుతుందని సర్టిఫికెట్ వచ్చింది. 2010 ఆగస్టులో కేసు వేసింది. అవతలివాళ్ళు ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడొస్తే ఎలా అని ఆలస్యం వాదన ఎత్తుకున్నారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2017 మార్చిలో 7–1 తేడాతో, ఆరేళ్ళ గడువులోపు నష్టానికి ఆలస్యం అడ్డు కాదని తేలింది. అందరూ దీన్ని ఆలస్యం కేసుగానే గుర్తుపెట్టుకున్నారు. కానీ ముందు భాగంలో ఉన్న ఎత్తు చూడండి, ఎదుటివాడు చూపించిన అతి బలమైన పాత పత్రాన్నే తీసుకెళ్ళి దాని ముందు పరీక్ష పాసై వస్తే ఆ ఆయుధం మొద్దుబారిపోతుంది. ఏ మాత్రం తేడా కొట్టినా సొంత పేటెంట్ పోయేది కాబట్టి గుండె ధైర్యం కావాలి, అది వేరే సంగతి.

ఇప్పుడైతే గొడవ ఎక్కడ పెట్టుకోవాలన్నది కూడా ఎత్తుగడే. 2011లో అమెరికా చట్టం మార్చి, 2012 సెప్టెంబర్ నుంచి ఇంటర్ పార్టెస్ రివ్యూ అని పేటెంట్ ఆఫీసు లోపలే ముగ్గురు జడ్జిల బెంచి ముందు పేటెంట్‌ని సవాలు చేసే దారి తెరిచారు. అక్కడ పేటెంట్లు, అచ్చైన పత్రాలు మాత్రమే చూపించి కొత్తది కాదు, లేదా ఆబ్వియస్ అని వాదించాలి, ఎక్కడో ఫ్యాక్టరీలో పాత మెషిన్ ఉండేది లాంటివి కుదరవు. కోర్టులో జ్యూరీ ముందు పేటెంట్‌ని కొట్టేయాలంటే చాలా గట్టి సాక్ష్యం కావాలి, ఇక్కడ 51 శాతం మొగ్గు చాలు. కేసు వేయించుకున్న ఏడాదిలోపే రావాలి, మొదలయ్యాక మామూలుగా ఏడాదిలో తేలిపోతుంది. పైగా ఇంజనీరింగ్ చదివిన జడ్జిలు, పత్రం ఒకటి పత్రం రెండు కలపడం వాళ్ళకి రోజూ చేసే పని. డైపర్ల రంగంలో పాత పత్రాలు బోలెడు జపాన్ నుంచి వస్తాయి, డైపర్ కంపెనీలు యూనిచార్మ్, కావో, ఒసాకా వైపు జుయికో మెషిన్ల కంపెనీ దశాబ్దాలుగా ఫైల్ చేసినవి గుట్టలు గుట్టలు. వాటికి అనువాదం, అనువాదం సరిగ్గా ఉందని ప్రమాణపత్రం పెట్టాలి, ఒక్కోసారి కేసు మొత్తం ‘తెంపడం’ అన్న మాట జపనీస్‌లో పూర్తిగా కోయడమా, బలహీనపరచడమా అన్న దగ్గరికి వచ్చి ఆగే అవకాశం ఉంది. హైదరాబాదులో పేటెంట్ సెర్చ్ చేసే ఆఫీసుల్లో కూర్చుని ఇలాంటి పత్రాలు వెతికేవాళ్ళు మనవాళ్ళూ చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఈ బాధ తెలుసు.

మార్కెట్ సక్సెస్ చూపించి గట్టెక్కుదామనుకోవడం ఈ రంగంలో పెద్దగా పారదు. డైపర్ అమ్ముడుపోయేది ఎలాస్టిక్ తెంపే వరస వల్లా, లేక టీవీ యాడ్ వల్లా, షెల్ఫులో చోటు వల్లా, ధర వల్లా? సక్సెస్‌కీ క్లెయిమ్ చేసిన లక్షణానికీ సూటి లంకె చూపించమంటారు. వస్తువు మీద పేటెంట్ అయితే కనీసం తల్లులు ఆ గోడ చూసి కొన్నారని సర్వే చేయొచ్చు, తయారీ పద్ధతి అయితే కొన్నవాళ్ళకి అది కనపడనే కనపడదు. తక్కువ చెత్త, లైన్ తక్కువసార్లు ఆగడం, ఎక్కువ వేగం, ఈ లెక్కలు ఫ్యాక్టరీ లోపలి రిజిస్టర్లలో ఉంటాయి, అవి బయటపెట్టడానికి కంపెనీలకి మనసొప్పదు.

ఈ కనపడకపోవడమే ఇంకో పెద్ద తలనొప్పి. ఎదుటివాడి ఫ్యాక్టరీలో వరస ఏంటో బయటి నుంచి తెలీదు, షాపులో డైపర్ కొని విప్పి చూస్తే తెగిన దారం చివర్లు కనిపిస్తాయి గానీ ముందు తెంపారో తర్వాత తెంపారో ఎలా చెప్తారు. అందుకని కంపెనీలు పద్ధతినే వస్తువు క్లెయిమ్‌లో దూర్చి ‘ఫలానా పద్ధతిలో చేసిన ప్యాంటు’ అని రాసుకుంటాయి. అది తెలివైన పనే కానీ 1985 నాటి ఇన్ రీ థోర్ప్ ప్రకారం పేటెంట్ ఆఫీసు వస్తువునే చూస్తుంది, పద్ధతి ఎంత కొత్తదైనా చివరికి వచ్చిన ప్యాంటు పాతదానిలాగే ఉంటే క్లెయిమ్ పోతుంది. అంటే పద్ధతి క్లెయిమ్ రాస్తే నిలబడే అవకాశం ఎక్కువ, పట్టుకోవడం కష్టం, వస్తువు క్లెయిమ్ రాస్తే పట్టుకోవడం సులువు, నిలబడటం కష్టం.

మన దేశంలో ఈ పరీక్షకి మాటలు వేరు, తీరు దాదాపు అదే. పేటెంట్స్ చట్టం సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం ఉన్న పరిజ్ఞానం కన్నా సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థిక ప్రాముఖ్యత ఉండాలి, లేదా రెండూ ఉండాలి, పైగా ఆ రంగంలో నిపుణుడికి ఆబ్వియస్ కాకూడదు. దీని మీద మన సుప్రీంకోర్టు పాత తీర్పు కూడా తయారీ గురించే, 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసు, లేత్ మీద గిన్నెలు తిప్పేటప్పుడు పట్టుకునే పరికరం మీద పేటెంట్. వర్క్‌షాపులో పనివాడు చేసుకునే చిన్న సర్దుబాటు కన్నా ఎక్కువ ఉండాలని చెప్పి దాన్ని కొట్టేశారు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో యూనిచార్మ్ ఫ్యాక్టరీ ఉంది, మన దగ్గర షాపుల్లో ఎక్కువ కనిపించేదీ ప్యాంట్ రకమే, కాబట్టి ఇక్కడ ఫైలయ్యే తయారీ పేటెంట్ల మీద ఈ గిన్నెల తీర్పు నీడ పడుతూనే ఉంటుంది. పైగా సెక్షన్ 25(1) కింద పేటెంట్ రాకముందే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు, పోటీ కంపెనీయే కానక్కర్లేదు. అభ్యంతరం పెట్టేవాడికి కావలసిన సరుకు కూడా దండిగానే ఉంది, ఎన్లో, లాసన్ పేటెంట్ల గడువు 2000ల మధ్యకే తీరిపోయింది, పారగాన్‌ని ముంచిన ఆ లోపలి గోడలు ఇప్పుడు చవక ప్యాకెట్లలో కూడా ఉన్నాయి, ఆ కాగితాలు మాత్రం కొత్తగా వచ్చే ప్రతి అప్లికేషన్‌కీ ఎదురుగా పాత పత్రాలుగా తీసి పెట్టడానికి పనికొస్తున్నాయి.